దగ్గినా ఆగని గొంతు కోసం చిత్తూరు దాకా

ఇంటర్వ్యూ మధ్యలో ఆ అమ్మాయి దగ్గింది. మాట మాత్రం ఆగలేదు.

నా చిత్తూరు ప్రయాణం నిజానికి అక్కడే మొదలైంది. నేను చెన్నైలో ఒక డేటా సెంటర్లో స్టోరేజి విభాగం చూస్తాను. ఆసుపత్రుల రికార్డులు, డెయిరీల లెక్కలు, ఎవరెవరివో ఏళ్ల తరబడి పోగైన కాగితాలు మా డిస్కుల్లో ఉంటాయి. ఒక్కో పెద్ద సర్వరుని లోపల ముప్పై నలభై కంప్యూటర్లు ఉన్నట్టుగా విడగొట్టి నడుపుతాం. వాటిని వర్చువల్ మిషన్లు అంటాం. అన్నిటికీ అడుగున ఉండేది ఒకే స్టోరేజి కాబట్టి అక్కడ చెయ్యి జారితే అన్నీ ఒకేసారి పోతాయి. కిందటేడు మా పక్క టీములో అదే జరిగింది. వేరొకడి గొంతుతో ఇంటర్వ్యూ గట్టెక్కి చేరిన ఒకతను, జాగా చాలడం లేదని ఒక ఆసుపత్రి డిస్కుల్ని చెరిపేశాడు. పాత ఎక్స్‌రేలు లేక అక్కడి డాక్టర్లు రోగుల్ని మళ్లీ మొదటినుంచి అడుగుతూ కూర్చున్నారు.

అందుకే ఆ దగ్గు నన్ను వదల్లేదు. అమ్మాయి పేరు రూత్ కుమారి, ఊరు చిత్తూరు. "ఒక డిస్కు పోయింది, రెండోది పోబోతోంది, ఏం చేస్తావు?" అని అడిగాను. "ముందు ఏదీ ముట్టుకోను. బ్యాకప్ ఉందా అని కూడా అడగను. ఆ బ్యాకప్‌ని ఎవరైనా ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా అని అడుగుతాను" అని జవాబు వచ్చింది. ఏడాదిగా నేను విన్న జవాబుల్లో ఇదే మేలైనది. ఈ మాటల మధ్యలోనే తెరమీది అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. గొంతు నిదానంగా చెప్పుకుంటూ పోయింది.

"నెట్‌వర్క్ తేడా అయ్యుంటుంది" అన్నాడు మా మేనేజరు భాస్కర్. "అంత అనుమానమైతే వద్దనేయండి."

వద్దనడానికి మనసు రాలేదు. తీసుకోవడానికి ధైర్యం రాలేదు. చివరి రౌండు నేరుగా కలిసి చేస్తానని చెప్పి రెండు రోజులు అడిగాను.

పొద్దున ఆరు దాటాక చెన్నై సెంట్రల్ నుంచి తిరుపతికి ఎక్స్‌ప్రెస్ ఉంది. కూర్చుని వెళ్లే పెట్టెలో ముందు రోజు కూడా టికెట్ దొరుకుతుంది. ఇడ్లీ పొట్లం స్టేషన్లోనే కొనుక్కోండి, రైల్లో వచ్చేది చల్లారిపోయి ఉంటుంది. తిరుత్తణి దాటేదాకా నేను ఆ అమ్మాయి బయోడేటానే చూస్తూ కూర్చున్నాను. తిరుపతిలో ఒక శిక్షణ సంస్థలో ఆరు నెలలు నేర్చుకున్నట్టు అందులో రాసుంది. మూలన ఫొటో.

ఎదురుగా ఒక పెద్దాయన, వెదురు బద్దలు పెట్టి కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని నా కాగితాన్నే చూస్తున్నాడు. పుత్తూరులో కట్టు మార్పించుకోవడానికి పోతున్నాడట.

"ఏమ్మా, పెండ్లి సంబంధం విచారించేదానికా పోతా ఉండారు?" అన్నాడు.

"అట్లాంటిదే" అన్నాను.

"అట్లయితే నేరుగా ఇంటికి పోవద్దు. పోతే కాఫీ ఇస్తారు, నవ్వతారు, ఏం తెలవదు. ముందు పిల్ల యాడ చదివిందో ఆడ అడగండి. తరవాత ఇంటి ఓనరుని అడగండి. బాడుగకుండేవోళ్ల సంగతి ఓనరుకి తెలిసినట్టు ఇంకెవురికీ తెలవదు."

సలహా బాగుంది. కానీ ఈయనకి ఇంత ఆసక్తి ఎందుకు? ఫొటోలో అమ్మాయిని ఎరుగుదునా అన్నట్టు రెండుసార్లు వంగి చూశాడు. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. ఏకాంబరకుప్పం దాటాక నగరి కొండలు కనబడ్డాయి. పుత్తూరులో ఆయన దిగిపోతూ, "మంచి సంబంధమే అయ్యుంటాది లేమ్మా, మొహం సూస్తే తెలస్తాది" అన్నాడు. మొహం చూసి తెలిసేదైతే నేను ఈ రైలెక్కేదాన్నే కాదు.

పదికి ముందే తిరుపతి చేరాను. స్టేషను బయట గుండు చేయించుకున్నవాళ్లు, చేయించుకోబోయేవాళ్లు ఒకే హోటల్లో పొంగలి తింటున్నారు. నేనూ తిని ఆటో ఎక్కాను. "కొండకేనా?" అని అడిగినవాళ్లు నలుగురైదుగురు. కాదంటే నన్ను వింతగా చూశారు.

శిక్షణ సంస్థ ఒక మందుల షాపు పైన ఉంది. మెట్ల గోడకి ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలు వరసగా అంటించారు. మూడు వేర్వేరు ఫొటోల్లో ఒకే చొక్కా, ఒకే టై. ఆ టై ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతోంది. కుర్చీలో ఉన్నాయన నలభై ఏళ్ల మనిషి, నుదుట నామం. మా మేనల్లుడికి క్లౌడు, వర్చువలైజేషను నేర్పించాలని అబద్ధమాడాను.

"నేర్పిస్తాం మేడం. ఉద్యోగం కూడా గ్యారంటీ."

"వాడికి ఇంటర్వ్యూ అంటే భయమండీ."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "దానికీ సపోర్టు ఉండాది మేడం. అబ్బాయి కెమెరా ముందర కూర్చుంటే చాలు. చెప్పేవోళ్లు చెప్తారు."

దొరికిందనుకున్నాను. "మాకు తెలిసిన రూత్ అనే అమ్మాయికి అట్లాగే చేశారంట కదా" అని వదిలాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఆ పిల్లా? మూడు వారాలకే మానుకుంది. వాళ్లక్క వచ్చి నానా రభస చేసింది. మా ల్యాబులో స్టోరేజి అనేదే లేదంట, బొమ్మలు చూపించి చదువు చెప్తా ఉండామంట. పదిమంది పిల్లోళ్ల ముందర అడిగింది. మీరు వాళ్లకేమవతారు?"

ఏమీ కానని చెప్పి మెట్లు దిగాను. అంటే బయోడేటాలో ఆరు నెలల మాట అబద్ధం. గొంతు అమ్మింది మాత్రం వీళ్లు కాదు. మరెవరు? ఒక అబద్ధం పట్టుకుంటే నిజం బయటపడుతుందనుకున్నాను. ఇంకో ప్రశ్న బయటపడింది.

పన్నెండు గంటల ప్రాంతంలో చిత్తూరు బస్సు దొరికింది. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, రెండు గంటల ప్రయాణం. చంద్రగిరి కోట దాటాక రూత్‌కి ఫోన్ చేశాను. సాయంత్రం నేరుగా కలుద్దాం, ఇంటికే వస్తాను అన్నాను.

"ఈ పొద్దేనా మేడం?" సన్నటి గొంతు. నేను ఇంటర్వ్యూలో విన్నది కొంచెం బొంగురుగా, నిదానంగా ఉండే గొంతు. "సరే రండి మేడం. అడ్రసు పంపిస్తాను."

ఫోను పెట్టేశాక నా పక్కన కూర్చున్నామె, "భయపడతా ఉండాదే పాపం" అంది. అంత గట్టిగా మాట్లాడానా? పూతలపట్టు దాటాక రోడ్డు పక్కన మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా బారులు తీరి నిలబడి ఉన్నాయి. బెంగళూరా రకం కాయల వాసన బస్సంతా నిండింది. డ్రైవర్లు ట్రాక్టర్ల కిందే పడుకుని ఉన్నారు. ఆమె ఆ ఫ్యాక్టరీలోనే కాయలు కోసే పనికి పోతుందట, అక్కడే దిగిపోయింది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. సాయంత్రం లోపల వాళ్లు ఏమేం సర్దుకుంటారో. అసలు ఇంట్లో ఉంటారో లేదో.

చిత్తూరు బస్టాండు దగ్గర్లోనే లాడ్జీలున్నాయి, గదులు శుభ్రంగా ఉంటాయి. అయితే ఆడమనిషి ఒంటరిగా పోతే ప్రశ్నలకు సిద్ధపడాలి. "ఒక్కరేనా? ఏం పని మీద?" అని ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు గుమాస్తా. సంగటి, పప్పు తిని కాసేపు నడుం వాల్చి నాలుగున్నరకి ఆటోలో మురకంబట్టు వైపు వెళ్లాను.

రైల్లో పెద్దాయన చెప్పినట్టే ముందు ఓనరు దొరికాడు. పేరు మునిరత్నం, కింద వాటాలో ఉంటాడు. బనియనుతో బయట కుర్చీలో కూర్చుని ఉన్నవాడు నన్ను చూడగానే లేచాడు.

"కరెంటాఫీసు నుంచి వచ్చినారా మేడం? సూడండి, మీటరు ఎట్లా తిరగతా ఉండాదో. మిద్దె పైన పగలంతా ఏందో మిషను. పిండిమర తిరిగినట్టు శబ్దం. ఏం మిషనమ్మా అంటే కంప్యూటరు అంటారు. కంప్యూటరు అట్లా అరస్తాదా? దొంగనోట్లు అచ్చేస్తా ఉండారేమో అని మా ఇంట్లో ఆమె భయం."

"ఎవరెవరుంటారు?"

"అక్కచెల్లెళ్లు. పెద్దామె మొగుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికొకసారి వస్తాడు. చిన్నపిల్లోడు ఒకడు. మనుషులు మంచోళ్లే, బాడుగ ఆపరు. కానీ తలుపు మూసుకొని ఇంగిలీషులో మాట్లాడుకుంటారు. అక్కచెల్లెళ్లకి ఇంట్లో ఇంగిలీషు దేనికి?"

పైకి వెళ్లాను. తలుపు తీసింది ఫొటోలో అమ్మాయే. వెనకాల ముప్పై అయిదేళ్ల ఆమె, చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ, "రండి మేడం" అంది. ఆ రెండు మాటలు చాలు. ఇంటర్వ్యూలో విన్న గొంతు అదే.

ప్రశ్నలన్నీ సిద్ధం చేసుకుని వచ్చానుగానీ వాటితో పని లేకపోయింది. కూర్చోకుండానే అడిగాను. "ఆ రోజు మాట్లాడింది ఎవరు?"

రూత్ అక్క వైపు చూసింది. అక్క తల దించుకోలేదు.

"నేనే మేడం. నా పేరు ఎస్తేరు. టేబులు కింద కూర్చోని మాట్లాడినాను. ఇది పెదాలు కదిపింది. దగ్గు మాత్రం ఆపుకోలేకపోయింది."

ఒప్పుకున్నవాళ్లని ఇంకా గట్టిగా అనుమానించే అలవాటు నాది. ఇదీ ముందే అనుకున్న పాఠమేమో అనిపించింది. "నీకు అంత తెలిస్తే నువ్వే అప్లై చేసుకోవచ్చుగా?" అన్నాను.

ఎస్తేరు నవ్విందో లేదో తెలియలేదు. చెన్నైలోనే ఒక డేటా సెంటర్లో ఆరేళ్లు చేసిందట, నా పనే. కొడుకు నెలలు నిండకుండా పుడితే మానేసింది. వాడు బాగుపడి బడికి పోయేసరికి ఏడేళ్లు గడిచాయి. "నా పేరుతో అప్లై చేస్తే మీ దాకా రాదు మేడం. ఏడేళ్లు ఖాళీ అని మీ కంప్యూటరే తీసి పారేస్తాది. ఒకరిద్దరు ఫోన్ చేసినారు. ఇన్నేళ్లు ఏం చేసినావంటారు. బిడ్డని పెంచినాను అంటే, మళ్లీ చెప్తాం అంటారు."

పాత సామాన్ల అంగడిలో ఎవరో తీసేసిన సర్వరు కొని తెచ్చుకుంది. మర్చిపోయింది మళ్లీ నేర్చుకుంటూ చెల్లెలికి నేర్పిస్తోంది. రూత్ అంతకుముందు రెండు ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు రాక నోరు పెగలక కూర్చుంది. అందుకే ఈ ఉపాయం.

"ఆ సర్వరు చూపించండి" అన్నాను.

లోపలి గదిలో బియ్యం డబ్బాల పక్కన చెక్క బల్ల మీద ఉంది. గాలి కోసం కిటికీ రెక్క పీకేశారు. మునిరత్నం అన్నట్టు అది నిజంగానే పిండిమరలాగా మోగుతోంది. ఆ ఒక్కదానిలో ఎనిమిది వర్చువల్ మిషన్లు నడుస్తున్నాయి. ఎస్తేరుని బయటికి పొమ్మన్నాను. తలుపు నేనే వేశాను. తర్వాత రూత్‌ని అటు తిరగమని, డిస్కంతా పాత స్నాప్‌షాట్లతో నింపేశాను. స్నాప్‌షాట్ అంటే ఒక మిషను ఆ క్షణానికి ఎట్లా ఉందో అట్లా పట్టి దాచుకున్న ప్రతి. అవి పేరుకుంటే జాగా అయిపోయి మిషన్లన్నీ బిగుసుకుపోతాయి. కిందటేడు ఆ మనిషి బోల్తా పడింది ఇక్కడే.

"ఇది మా డేటా సెంటర్లో సర్వరు అనుకో. బాగు చెయ్యి. తెలుగులోనే చెప్పు."

రూత్ బల్ల ముందుకి వచ్చి కూర్చుంది. ఎంత జాగా ఉందో చూసింది, ఏవి పాతవో చూసింది, చాలా నిదానంగా. ఒకచోట తప్పు దారిలో పోయి వెనక్కి వచ్చింది. చెరిపే మీట దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఏం?"

"ఈ మిషను ఎవురిది మేడం?"

"ఎవరిదైతే ఏం? జాగా కావాలి కదా."

"వాళ్లని అడగకుండా తీసెయ్యను మేడం. వాళ్లకి ఇది పనికొచ్చేదేమో."

నేను తిట్టినట్టుగా తొందరపెట్టాను. ఆసుపత్రి ఆగిపోయిందన్నాను, పైవాళ్లు అరుస్తున్నారన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయిగానీ వేలు మాత్రం కదపలేదు. ఆ పిల్లకి మా ఉద్యోగానికి కావలసినంత పని రాదు. అది స్పష్టంగా తెలిసింది. కానీ నేను అనుకున్న మనిషి కూడా కాదు.

తలుపు తీశాను. ఎస్తేరు గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఇట్లా చేసినవాళ్ల పేరు మా దగ్గర మళ్లీ తీసుకోరు. నేను ఉన్నది ఉన్నట్టు రాయాలి" అన్నాను.

"నా పేరు రాసుకోండి మేడం. మాట్లాడింది నేను. దాన్ని వదిలేయండి."

"అదెట్లా అక్కా? నోరు కదిపింది నేనే కదా" అంది రూత్. "మేడం, ఇద్దరివీ రాయండి. లేకుంటే నాది ఒక్కటే రాయండి. అక్క నాకోసం చేసింది."

ఇద్దరూ నా ముందే వాదించుకున్నారు. కిందనుంచి మునిరత్నం మెట్లెక్కి వచ్చి, "ఏమన్నా దొరికిందా మేడం?" అని తొంగిచూశాడు. అది దొంగనోట్ల మిషను కాదని, ఆసుపత్రుల్లో వాడే కంప్యూటరేనని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. నేనూ వాళ్ల మనిషినే అనుకుని ఉంటాడు.

ఎస్తేరు చెన్నైలో ఎక్కడ, ఎవరి కింద పనిచేసిందో రాసుకుని లాడ్జికి వచ్చేశాను. ఆ చోటు నాకు తెలిసిందే. ఆమె చెప్పిన పాత మేనేజరుకి ఫోన్ చేశాను. "ఎస్తేరా? ఇప్పుడెక్కడుంది?" అని ఆయనే నన్ను అడిగాడు. భోజనం చేశాక మంచం మీద కూర్చుని రిపోర్టు రాసి పంపించాను. గొంతు ఎవరిదో, పెదాలు ఎవరివో, ఆరు నెలల శిక్షణ అబద్ధం అనీ అన్నీ రాశాను. గదిలో ఆ పిల్ల ఏం చెరపలేదో అదీ రాశాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి చెన్నై బస్సెక్కాను. చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా పోయే బస్సు ఇది. తిరుపతి చుట్టూ తిరిగే పని లేకుండా మధ్యాహ్నానికి చేరుస్తుంది. సరిహద్దు దాటి బోర్డులు తమిళంలోకి మారాక భాస్కర్ ఫోన్ చేశాడు.

"ఒకసారి మోసం చేసినవాళ్లని డేటా దగ్గరికి రానిస్తామా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. రాత్రంతా నాకు నేను వేసుకున్నదీ అదే. "రూత్ సంగతి మీరు చెప్పినట్టే కానివ్వండి. అక్కని మాత్రం ఆమె పేరుతో ఆమె గొంతుతో ఒక్కసారి కూర్చోబెట్టండి. ఏడేళ్ల ఖాళీ చూసి మనమే ఆమెని తలుపు బయట పెట్టాం. కిటికీలోంచి వచ్చిందని ఇప్పుడు అరుస్తున్నాం" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు. రాణిపేటలో బస్సు ఆగినప్పుడు మళ్లీ చేశాడు. "గురువారం రమ్మనండి. నేను చేస్తాను ఇంటర్వ్యూ. మీరు ఉండొద్దు."

వెంటనే ఎస్తేరుకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"మేడం, ఒక మాట అడగతాను, కోపం చేసుకోవద్దు" అంది. వెనకాల సర్వరు మోగుతూనే ఉంది. "ఇది నిజంగా ఇంటర్వ్యూకేనా? ఆఫీసుకి పిలిపించి మా మీద కేసు పెట్టేదానికా?"

ఏం చూపించి నమ్మించాలి? ఉత్తరం లేదు, మెయిలు రాలేదు. నిన్న వాళ్లింట్లో నేను తలుపు వేసి అరిచిన అరుపులు ఆమె గోడ అవతల నిలబడి విన్నది.

"నా మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు ఎస్తేరూ" అన్నాను.

"సరే మేడం. రూతు నాతో వస్తాది. గేటు బయట కూర్చుంటాది" అంది.

తర్వాత జరిగింది చెప్పకపోతే బాగుండదు. గురువారం ఇద్దరూ వచ్చారు. ఎస్తేరుకి ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు, పక్కన మరొకరు ఉంటే తప్ప దేన్నీ చెరిపే అధికారం లేకుండా. రూత్ పేరు మా దగ్గర తీసుకోకూడని పేర్లలోనే ఉంది. దాన్ని మార్పించడం నా వల్ల కాలేదు. ఆ అమ్మాయి వేలూరులో ఒక చిన్న కంపెనీలో, ఇంగ్లీషు తడబడుతూనే, తన నోటితో తను ఇంటర్వ్యూ ఇచ్చి చేరింది.

ఆ బస్సులో ఉన్నప్పుడు ఇవేవీ నాకు తెలియవు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఫ్యాక్టరీల మధ్య బస్సు ఇరుక్కుపోయి ఉంటే కిటికీలోంచి చూస్తూ లెక్క వేసుకున్నాను. ఈ ప్రయాణంలో నేను రైల్లో పెద్దాయన దగ్గర్నుంచి అందరినీ అనుమానించాను. లాడ్జి గుమాస్తా, మునిరత్నం, ఆ శిక్షణ సంస్థాయన నన్నూ అనుమానించారు. నేనేమో పక్కవాళ్లని అడుగుతూ తిరిగాను, వాళ్లేమో అనుమానం ఏమిటో పైకి చెప్పకుండా లోపలే పెట్టుకున్నారు. తన అనుమానం ఇదీ అని నన్నే సూటిగా అడిగింది ఎస్తేరు ఒక్కతే.